మూగకాల్

ఫిబ్రవరి 3

అత్తా,

ఎలా ఉన్నావు? ఎడమ చెవిలో ఆ గుయ్యిమనే మోత తగ్గిందా? డాక్టరు రాసిచ్చిన చుక్కలు వేసుకుంటున్నావా, లేక సీసాను కిటికీలో అలంకారానికి పెట్టావా? ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఉద్యోగంలో చెవికి తగిలించుకున్నది చాల్లే" అని పెట్టేస్తావు. నీ ధర్మమా అని ఈ ఊళ్ళో స్టాంపులు కొనేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. కౌంటర్‌లో గుమాస్తా నన్ను మ్యూజియంలోంచి లేచొచ్చినదాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

సరే, అసలు సంగతి. మన కంట్రోల్ రూం ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు. అంబులెన్స్ కోసం ఎవరు ఫోన్ చేసినా ముందు ఎత్తేది యంత్రమే. ఏమైంది, ఎక్కడ, ఊపిరి ఆడుతోందా అని అడిగి, బండిని కూడా అదే పంపేస్తుంది. చిక్కు కేసులు మాత్రం మాకు వదులుతుంది. బల్లలు సగం తీసేశారు. కిటికీ పక్కన నువ్వు కూర్చున్న బల్ల మాత్రం ఉంది. దాన్ని ఎవరితోనో పోట్లాడి నేనే దక్కించుకున్నాను. సొరుగులో నీ పెన్సిల్ ముక్క ఇంకా ఉంది, పళ్ళ గాట్లతో సహా.

ఇప్పుడు చెప్పుకో చూద్దాం, ఆ యంత్రానికి పెట్టిన గొంతు ఎవరిది? నీదే! రిటైరయ్యేటప్పుడు పాత రికార్డింగులు వాడుకోవచ్చని సంతకం పెట్టావుగా, వాటన్నిటినీ దానికి వినిపించారట. అందరి గొంతులూ పెట్టి చూశారు. నీ గొంతు వింటేనే జనం ఏడుపు ఆపి అడ్రసు చెబుతున్నారు. మా కళ్ళజోడు ఇంజనీరు ఆ మాట చెప్పినప్పుడు "ఆవిడ మా మేనత్త" అని నేను గొంతు చించుకున్నాను. ఉద్యోగంలో చేరినప్పుడు ఆ సంగతి దాచమన్నది నువ్వే, క్షమించు.

అవతలివాళ్ళు పలకకపోతే అది ఏమంటుందో తెలుసా? "కళ్ళు తెరవండి. నేనిక్కడే ఉన్నా. ఎక్కడికీ పోలేదు" అంటుంది. ఎవరూ నేర్పలేదట, నీ రికార్డింగుల్లోంచి తనే నేర్చుకుందట. మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. మొదట్లో ఒక్కోసారి "కాఫీ చల్లారిపోతోంది" అని కూడా అనేది! రూమంతా ఒకటే నవ్వు. డ్యూటీలో కూర్చుని ఎవరికత్తా కాఫీ పోశావు? ఆ ముక్క తీసేశారులే. మిగతాది ఉంచేశారు, అది విన్నవాళ్ళు లైన్ మీద నిలబడుతున్నారని.

గర్వంగా ఉంది. నీకూ ఉండాలి.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 11

పిచ్చుకా,

ఉత్తరం అందింది. చుక్కలు వేసుకుంటున్నాను. మోత తగ్గలేదు, నేనే దానికి అలవాటు పడ్డాను. ఉత్తరాల మీద నీ జోకులు చాలు. పోస్టాఫీసులో సార్టింగ్ చేసి చేసి వేళ్ళు అరగ్గొట్టుకున్న మనిషి పెళ్ళాన్ని నేను. మీ మామయ్య ఉంటే నీ కవరు మీద దస్తూరీ చూసి, ఇది కోళ్ళు గీకిన అడ్రసు అని పక్కన పడేసేవారు.

మా మెట్ల మీద లైటు మళ్ళీ పోయింది. కింద మందుల షాపాయన బాగుచేయిస్తానని రోజూ అంటాడు, రోజూ మర్చిపోతాడు. నేను గోడ పట్టుకుని ఎక్కుతున్నాను. గోడకు నా చేతి మరక ఒక దారిలా పడింది.

యంత్రం గురించి నాకు పేచీ లేదు. వస్తే రానీ. మేం చేరినప్పుడు గోడ మీద మ్యాపు, దానికి గుచ్చిన సూదులు ఉండేవి. కంప్యూటర్లు వచ్చిన రోజు మా పెద్ద సూపర్‌వైజర్ ఆ సూదులన్నీ డబ్బాలో పోసి ఇంటికి పట్టుకుపోయి ఏడ్చాడు. తర్వాత అందరం అలవాటు పడ్డాం. జనం బతుకుతున్నారా లేదా అన్నదే లెక్క.

కానీ ఆ "నేనిక్కడే ఉన్నా" మాట నేను అనలేదు. ఆ బల్ల దగ్గర కూర్చుని ఏనాడూ ఎవరితోనూ అనలేదు. అవతల మూగగా ఉంటే నేను చేసింది ఒకటే. పెన్సిల్‌తో మౌత్‌పీస్ మీద రెండుసార్లు తట్టేదాన్ని. మాట పడిపోయినవాళ్ళు, గొంతు పూడుకుపోయినవాళ్ళు, పక్క గదిలో దొంగ ఉన్నవాళ్ళు, ఎవరైనా కానీ, వేలు కదిలితే తిరిగి తడతారు. తిరిగి తట్టారంటే అక్కడ మనిషి ఉన్నట్టు. ఇంకేమీ అడక్కుండా బండి పంపు. నీకు మొదటిరోజే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను.

కాఫీ సంగతి ఇంకెవరి దగ్గరా ఎత్తకు.

అత్త


ఫిబ్రవరి 20

అత్తా,

నీకు కోపం వచ్చింది. నువ్వు రాయకపోయినా తెలిసిపోతోంది. రెండు పేజీల ఉత్తరంలో ఒక్క తిట్టు కూడా లేదంటే పరిస్థితి విషమించినట్టే.

నువ్వు అనలేదంటావు, రికార్డింగులో ఉందంటాడు ఇంజనీరు. "అన్ని వేల కాల్స్‌లో ఏం మాట్లాడారో ఆవిడకి మాత్రం ఎలా గుర్తుంటుందండీ?" అన్నాడు. నాకూ అదే అనిపించింది. ఇందులో తప్పేముందత్తా? మంచి మాటే కదా. మనుషుల్ని తీసేసి యంత్రాన్ని పెట్టారన్న బాధ నీకుంటే దాన్ని నేను అర్థం చేసుకోగలను. నిన్న మొన్నటి దాకా నా ఎదురుగా కూర్చున్న లావుపాటావిడ ఇప్పుడు ఏదో బట్టల షాపులో బిల్లులు కొడుతోంది. నా వంతు ఎప్పుడా అని రోజూ సూపర్‌వైజర్ మొహం చూస్తూ లోపలికి అడుగు పెడుతున్నాను. నీ మేనకోడలిననైనా కొన్నాళ్ళు ఉంచుతారేమోనని చిన్న ఆశ. అందుకే నీ గొంతు గురించి అంత డప్పు కొట్టుకున్నాను. అది నా స్వార్థం, ఒప్పుకుంటాను.

నమ్మకపోతే నువ్వే విను. నీ మంచి చెవికి పెట్టుకుని ఒక్కసారి ఫోన్ చెయ్యి. ఏమీ మాట్లాడకు. కాసేపు ఊరుకుంటే అదే అంటుంది. విన్నాక నాకు రాయి, అది నీ మాట కాదని.

చెవి జాగ్రత్త. మెట్లు అంతకంటే జాగ్రత్త.

పిచ్చుక


మార్చి 9

అత్తా,

ఒంట్లో ఎలా ఉంది? నిజం చెప్పు.

నిన్న మా రూంలో కాల్స్ జాబితా చూస్తుంటే నీ నంబరు కనిపించింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. రోజూ పొద్దున్నే, ఒకే వేళకి, మూగకాల్. ఒకే నంబరు నుంచి అలా వస్తుంటే యంత్రం తనంతట తానే బండి పంపిస్తుంది. మీ ఇంటికి వచ్చింది కూడానట. వచ్చినవాళ్ళని నేను కనుక్కున్నాను. "పెద్దావిడ బానే ఉందండీ. తలుపు తీసి మమ్మల్ని చూసి ఠక్కున కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి కాఫీ ఇచ్చింది. ఎందుకు చేశారమ్మా అంటే, చెయ్యి తగిలిందంది" అన్నారు.

రోజూ అదే వేళకి చెయ్యి తగలదు అత్తా.

పనికిరాని కాల్ చేసినవాళ్ళని నువ్వు ఎలా దులిపేదానివో ఈ రూంలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. "ఈ నిమిషంలో ఇంకొకడి గుండె ఆగుతోంది, నీకు సరదాగా ఉందా?" అనేదానివట. అలాంటి నువ్వు! సూపర్‌వైజర్ నన్ను పక్కకి పిలిచి, "ఆవిడకి మతిమరుపు ఏమన్నా మొదలైందేమో చూసుకోమ్మా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఇంటికొచ్చాక అదే మాట నమిలాను. అనని మాట కాదు, అన్న మాటే నువ్వు మర్చిపోయావేమో అనిపించింది. అలా అనుకున్నందుకు తిట్టు. తిడితే నాకు ప్రాణం లేచొస్తుంది.

రమ్మంటే సెలవు పెట్టి వచ్చేస్తా.

పిచ్చుక


మార్చి 15

పిచ్చుకా,

రావద్దు. నాకు మతి పోలేదు. పోతే బాగుండునని అనుకున్న రోజులున్నాయి, అది వేరే సంగతి.

నువ్వు అడిగావు కాబట్టి ఒక్కసారే రాస్తాను. మళ్ళీ అడక్కు.

మీ మామయ్య పోయిన రోజు నాకు డ్యూటీ లేదు. పొద్దున్నే కాఫీ కలిపి ఆయన పక్కన స్టూలు మీద పెట్టి, కిటికీ తీయడానికి వెళ్ళాను. తిరిగి చూసేసరికి కుర్చీలోంచి జారిపోయి ఉన్నారు. ఫోన్ చేశాను. ఎక్కడికి చేస్తాను? మన రూంకే. నా పక్క బల్లావిడే ఎత్తింది. "అక్కా, నువ్వా!" అంది. ఫోన్ నేల మీద పెట్టేసి ఆయన ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాను. చేతులు చేసేది చేస్తూనే ఉన్నాయి. నోరు మాత్రం దాని దారిన అది ఏదో అంటూనే ఉంది. కళ్ళు తెరవండి. నేనిక్కడే ఉన్నా, ఎక్కడికీ పోలేదు. కాఫీ చల్లారిపోతోంది. బండి వచ్చేదాకా అంటూనే ఉన్నాను.

అదీ మీ రికార్డింగు. ఆ రోజు ఫోన్ చేసిన మనిషిని నేను, ఎత్తిన మనిషిని కాదు. మీ యంత్రానికి ఆ తేడా తెలియలేదు. నా గొంతు వినపడగానే ఇది డ్యూటీలో ఉన్నావిడ అనుకుని ఉంటుంది.

నీ ఉత్తరం చూసి ఒక్కసారి విందామని చేశాను. తర్వాత మానలేకపోయాను. నా గొంతు మీద మోజు కాదు తల్లీ. "ఎక్కడికీ పోలేదు" అన్నాక అది కాసేపు ఆగుతుంది, అవతలివాళ్ళు పలుకుతారేమోనని. ఆ రోజు నేనూ అలాగే ఆగాను, ప్రతిసారీ. ఆ ఆగిన కాస్తలో ఆయన ఇంకా పలకొచ్చు. నీకు పిచ్చిగా ఉంటుంది. నాకు పొద్దున్నే కాఫీ కలుపుకుని ఆ కాస్తలో కూర్చోవడం అలవాటైపోయింది.

బండి మెట్ల కింద ఆగి, ఆ కుర్రాళ్ళు తలుపు కొట్టినప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బండి ఇంకొకరింటికి వెళ్ళాల్సింది. ఆ వేళకి ఇంకొకడి గుండె ఆగుతుంటే నేను కూర్చుని కాఫీ తాగాను.

అందుకని ఆ మాట తీయించెయ్. నీ ఉద్యోగానికి ముప్పు లేకుండా తీయించగలిగితే. లేకపోతే ఉండనీ, నీ పొట్ట కొట్టను. కానీ నా మనసులో మాట మాత్రం ఇదే. అది ఆయనతో అన్నది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చెవిలో రోజూ ఊదడానికి కాదు.

నేనింక చెయ్యను. మరీ ఉండబట్టలేకపోతే కింద మందుల షాపు నుంచి చేస్తాలే, నీ బండి మా మెట్లెక్కకుండా. నవ్వావా? నవ్వు. ఈ ఉత్తరం రాశాక నాకూ కాస్త నవ్వొస్తోంది.

అత్త


ఏప్రిల్ 2

అత్తా,

నీ ఉత్తరం చదివి ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను. ఆ కాఫీ మాటకి రూమంతా నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు.

ఉత్తరం ఎవరికీ చూపించలేదు. ఇంజనీరుని ఒక్కడినే మెట్ల దగ్గరికి పిలిచి చెప్పాను. నువ్వు ఊహించినదే. రూంలో పనిచేసినవాళ్ళ గొంతులన్నీ యంత్రానికి ముందే గుర్తు పెట్టించారట. ఆ గొంతు ఎక్కడ వినిపించినా డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఎత్తినవాళ్ళే ఒకరోజు ఫోన్ చేసినవాళ్ళు కావచ్చని వాళ్ళలో ఒక్కరూ అనుకోలేదు. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉండిపోయాడు. "రేపటికి ఉండదండీ" అన్నాడు. అన్నట్టే తీసేశాడు. సూపర్‌వైజర్ గొణిగింది కానీ ఆపలేదు.

ఇప్పుడు అవతలివాళ్ళు పలకకపోతే యంత్రం ఏమీ అనదు. ఆ కాల్ మనిషికి ఇచ్చేస్తుంది. ఆ మనిషిని నేనే. నా బల్లకి "మూగబల్ల" అని పేరు పెట్టారు. నవ్వుతావో ఏడుస్తావో, నీ మాట తీసేయడం వల్లే నా ఉద్యోగం నిలబడింది.

ఇంక నీకూ నాకూ మధ్య ఒక మాట. మొన్న మధ్యాహ్నం మీ ఊరి నుంచి మూగకాల్ వచ్చింది. నాకు తెలిసిన నంబరు కాదు. మందుల షాపు! అని నవ్వుకున్నాను. నీ పెన్సిల్ ముక్క తీసి రెండుసార్లు తట్టాను. కాస్త ఆగి, అటునుంచి రెండుసార్లు. ఎంత మెల్లిగా తట్టావత్తా! గోరుతోనా? చుట్టూ చూసి, ఎవరూ వినకుండా, యంత్రంలోంచి తీసేసిన మాట నేనే అన్నాను. నేనిక్కడే ఉన్నా, ఎక్కడికీ పోలేదు అని. మళ్ళీ తట్టావు. మళ్ళీ అన్నాను. చాలాసేపు ఉన్నాం అలా. చివరికి తట్టడం ఆగిపోయింది. వింటూ నిద్రపోయావనుకుని మెల్లిగా పెట్టేశాను.

బండి పంపలేదులే, భయపడకు. మళ్ళీ కుర్రాళ్ళు వచ్చి తలుపు కొడితే నన్ను బతకనివ్వవు. ఆ రోజు కాస్త మనశ్శాంతిగా అనిపించిందా? నాకైతే చాలా బాగా అనిపించింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యి. నేనుంటాను.

నీ పిచ్చుక


ఏప్రిల్ 7

పిచ్చుకా,

అది నేను కాదు.

నీ ఉత్తరం మెట్ల దగ్గరే విప్పాను. చదువుతూనే షాపాయన్ని అడిగాను. ఆయన ఫోన్ చేయలేదు, ఎవరికీ ఇవ్వలేదు. గోడ కూడా పట్టుకోకుండా ఎలా ఎక్కానో తెలీదు, పైకెళ్ళి ఫోన్ తీశాను. నా గొంతే పలికింది.

"చెప్పండి, వింటున్నాను. ఎవరికి బాగాలేదు?"

"తెలీదు" అన్నాను.

"ఎక్కడున్నారు?"

"తెలీదు. మీకే తెలుసు. మొన్న మధ్యాహ్నం వచ్చిన కాల్..."

"ఊపిరి ఆడుతోందా?"

అన్నీ నేను అడిగిన ప్రశ్నలే. దాన్ని తిట్టాను, బతిమాలాను. అది ఓపిగ్గా మళ్ళీ మొదటికొచ్చింది, నేను ఓపిగ్గా ఉన్నట్టే. అప్పుడు గుర్తొచ్చింది, మూగగా ఉంటే మనిషికి ఇస్తుందని నువ్వు రాసింది. నోరు మూసుకున్నాను. ఆ కాస్తసేపు నోరు మూసుకోవడం నా జన్మలో అంత కష్టం ఎప్పుడూ కాలేదు. నీకు ఆ రోజు సెలవట, ఎవరో అబ్బాయి ఎత్తి తట్టాడు. నేను అరిచాను. పిల్లాడు మంచివాడు. ఎదురు ప్రశ్న వేయకుండా నంబరు వెతికాడు, అడ్రసు నాకూ చెప్పాడు, బండి పంపాడు.

మా వెనక వీధిలోనే. గడియారాలు బాగుచేసే ఆయన. మొన్న చలికాలంలో మాట పడిపోయింది, అప్పటినుంచి ఒక్కడే ఉంటున్నాడు. నేను బండికంటే ముందు వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడ్డాను. లోపల గడియారాలన్నీ ఒక్కో టైము చూపిస్తూ నడుస్తున్నాయి. ఆయన బల్ల పక్కన నేల మీద ఉన్నాడు. రిసీవరు గుండెల మీద ఉంది. ఫోన్ చేసిన రోజే పోయాడన్నారు డాక్టరు.

నీకు ఈపాటికి ఆఫీసులో చెప్పే ఉంటారు. నీ తప్పు లేదని కూడా చెప్పి ఉంటారు. ఉంది. మందుల షాపు అని వేళాకోళం రాసిన నాది ఇంకా ఎక్కువ ఉంది. ఇద్దరం ఒకరినొకరం ఓదార్చుకుంటుంటే మధ్యలో ఒక మనిషి పోయాడు. దీన్ని నేను తీపి మాటలతో చుట్టి ఇవ్వలేను.

ఒక్కటి మాత్రం నాకు తెలుసు. ఆయన తట్టినప్పుడల్లా నువ్వు పలికావు. ఆయన ఒంటరిగా పోలేదు. అది చాలదు తల్లీ, కానీ అబద్ధం కాదు. ఆ రోజు మా ఇంట్లో నేను అంటున్నవి మీ మామయ్యకు వినిపించాయో లేదో ఇప్పటికీ తెలీదు. నువ్వు అన్నవి ఈయనకు వినిపించాయి. తిరిగి తట్టాడు కదా.

రాజీనామా రాసి ఉంటే చింపెయ్. రాయకపోతే రాయకు. ఆ గోరు చప్పుడు నీకు ఎప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. చెవిలో చుక్కలు వేసినా పోదు, నాకు తెలుసు. వినిపించనీ. అది వినిపించే మనిషే ఆ బల్ల దగ్గర ఉండాలి.

రేపు వెళ్ళి కూర్చో. ఇకమీదట ఏ మూగకాలూ నేను కాదు. మా ఇంటి నంబరు నుంచి వచ్చినా నేను కాదు. నేను పోయాక, అటునుంచి అచ్చం నాలాగే రెండుసార్లు తట్టినా నేను కాదు. ఎవరని ఆలోచించకు. బండి పంపు.

అత్త